అంగూర్ తోట పక్కన లారీల లైను

మొన్న ఆదివారం పొద్దున మా తూంకుంట అపార్టుమెంటు గేటు దగ్గర చిన్న గొడవ జరిగింది. మా పై అంతస్తులోకి కొత్తగా దిగుతున్న వాళ్ళ సామాను తెచ్చిన లారీ చెప్పిన వేళకు కాస్త ఆలస్యంగా వచ్చిందట. సామానుకు లిఫ్టు వాడుకునే సమయం దాటిపోయింది కనుక ఇక సాయంత్రం దాకా లోపలికి వదిలేది లేదని మా వాచ్‌మన్ ఫోను చూపించి మరీ చెబుతున్నాడు. డ్రైవరు ఏమీ వాదించలేదు. లారీని రోడ్డు పక్కకు తీసి, నీడ చూసుకుని, చక్రానికి ఆనుకుని కూర్చుని తన ఫోను తీశాడు. బాల్కనీలోంచి చూస్తున్న నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఒకప్పుడు లారీ డ్రైవర్లకు వేళలు చెప్పి పిలిచే ఉద్యోగం నాది. తొంభైల్లో మేడ్చల్ దాటి నాగపూర్ వైపు వెళ్ళినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, రోడ్డు పక్కన పెద్ద రేకుల గోడౌను, దాని ముందు కనుచూపు మేరా లారీలు, పైన మైకులో ఒక ఆడగొంతు హిందీలో బండి నంబర్లు చదవడం మీకు లీలగా గుర్తుండవచ్చు. ఆ గొంతు నాదే.

మాది శామీర్‌పేట. మా బాపుకు కరీంనగర్ రోడ్డు మీద సైకిల్ రిపేరు దుకాణం ఉండేది. చెరువు చూడడానికి పట్నం నుంచి వచ్చేవాళ్ళ స్కూటర్లకు పంక్చర్లు, వేసవిలో కిరాయి సైకిళ్ళ కోసం ఎగబడే పిల్లలు, వీటితో మా ఇల్లు గడిచిపోయేది. నేను ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న రోజుల్లో మా మేనత్త ఒక కబురు తెచ్చింది. మేడ్చల్ దాటాక ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు సబ్బులూ బిస్కెట్లూ నిలవ చేసే గోడౌన్ కట్టారనీ, గేటు దగ్గర కూర్చుని టోకెన్లిచ్చి మైకులో పిలవడానికి హిందీ వచ్చిన మనిషి కావాలంటున్నారనీ దాని సారాంశం. మా వీధిలో సగం ఇళ్ళలో ఉర్దూనే మాట్లాడేవారు గనుక హిందీ నాకు ఒకరు నేర్పితే వచ్చింది కాదు, చిన్నప్పటి నుంచీ ఆటల్లోనే అబ్బింది. అమ్మ ఒప్పుకుంది. బాపుకు మాత్రం మనసొప్పలేదు. "లారోళ్ళ నడుమ ఆడపిల్ల కూసోని ఏం జేస్తదే" అని అమ్మతో వారం రోజులు గొణిగి, చివరకు నేను అన్నం మానేస్తానేమోనన్న భయంతో సరేనన్నాడు.

సరేనన్నాడే గాని నేను చేరిన కొత్తలో దుకాణం మూసుకుని నాతోపాటే బస్సెక్కి వచ్చేవాడు. గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని, నాకు ఏమీ కానట్టు పేపరు చదివేవాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకునేవాడు పాపం. లైనులో ఉన్న ఒక పెద్ద సర్దార్జీ, తర్వాత్తర్వాత నేను చాచా అని పిలిచిన మనిషి, ఇదంతా గమనించి ఒకనాడు రెండు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి బాపు పక్కన కూర్చున్నాడట. తన వచ్చీరాని తెలుగులో, "నువ్వు బేటీ కోసం కూసున్నవ్, నేను లోడు కోసం కూసున్న. నువ్వు ఇంటికి పో భాయ్, బేటీని నేను చూస్త" అన్నాడట. మరునాడు బాపు దుకాణం తెరిచాడు. ఆ తర్వాత ఆ చాచా ఎప్పుడు లోడుతో వచ్చినా మా బాపు కోసం నాగపూర్ సంత్రా పండ్లు ఒక సంచీ నా బల్ల కింద పెట్టి పోయేవాడు.

ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు గాని ఆ రోజుల్లో లారీకి వేళ అనేది ఉండేది కాదు. సేలం నుంచి వచ్చినా పూనా నుంచి వచ్చినా వచ్చి లైనులో నిలబడడమే. టోకెను తీసుకున్నాక పిలుపు ఆ పూటే రావచ్చు, ఎల్లుండి రావచ్చు. లోపల హమాలీలు ఉంటే చోటు ఉండదు, చోటు ఉంటే హమాలీలు ఉండరు. అందుకని ఆ లైను ఒక చిన్న ఊరైపోయేది. బండి కింద స్టవ్వులు వెలిగేవి, రెండు లారీల మధ్య తాడు కట్టి లుంగీలు ఆరేసేవారు. ఒకాయన క్షవరం చేయించుకుంటుంటే నలుగురు చుట్టూ చేరి సలహాలు చెప్పేవారు. పొద్దున నేను బస్సు దిగి నడిచి వస్తుంటే ముందు రొట్టెలు కాలుతున్న వాసన, ఆ తర్వాత ఇంగువ వేసిన సాంబారు వాసన, ఇంకా ముందుకొస్తే ఆవనూనె వాసన. తల ఎత్తకుండానే ఏ రాష్ట్రం బండి ఎక్కడ ఆగిందో చెప్పగలిగేదాన్ని. బేటీ అని కొందరు, తంగచ్చీ అని కొందరు, చెల్లే అని కొందరు పిలిచేవారు. మా ఇంట్లో నేను ఒక్కతే సంతానాన్ని, గేటు దగ్గరికొస్తే మాత్రం దేశం నలుమూలలా తోడబుట్టినవాళ్ళే.

గోడౌన్ గోడకు ఆనుకునే ఒక అంగూర్ తోట ఉండేది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే కనిపించిన కాలం అది. మేమందరం ఆ పండును అంగూర్ అనే పిలిచేవాళ్ళం. ఆ తోట ఒక అవ్వది. భర్త పోయాక కొడుకునూ కోడలినీ వెంటేసుకుని తానే ముందు నిలబడి సాగు చేయించేది. సన్నగా, నిటారుగా, ముక్కుకు బేసరితో, కొంగు నడుముకు చుట్టి, చేతిలో కత్తెర లేకుండా ఆమెను ఎప్పుడూ చూడలేదు. మా లారీలంటే ఆమెకు ఒళ్ళు మంట. రెండు రోజులకోసారి గేటు దగ్గరికి వచ్చి నన్ను నిలదీసేది.

"ఏందే బిడ్డ, మీ లారీల దుమ్మంత నా అంగూర్ మీదనే పడుతాంది. పట్నంల తినెటోళ్ళు పండు తింటరా, మన్ను తింటరా? గా హారన్లు ఊదుడు గూడ బందు జెయ్యమను. నా బర్రె బెదిరి పాలిస్తలేదు."

తిట్టేది నన్ను, చూసేది డ్రైవర్లను. అయితే ఆమె బోరు దగ్గరి నీళ్ళ హౌజులో వాళ్ళు స్నానాలు చేస్తుంటే మాత్రం ఎన్నడూ వద్దనలేదు. పైగా మోటారు బందు చేసే ముందు ఒకసారి గోడ మీదుగా తొంగి చూసి, ఇంకెవరైనా మిగిలారా అని అడిగేది. ఎండలు ముదిరితే కుండతో చల్ల పంపేది. పంపుతూ, ఇది పులిసిపోయింది, పారబోయలేక ఇస్తున్నానని కోడలితో చెప్పించేది. ఆ చల్ల ఎన్నడూ పులిసి ఉండేది కాదని డ్రైవర్లందరికీ తెలుసు.

ఇలా నడుస్తుండగా బొంబాయి పెద్ద ఆఫీసు నుంచి మా మేనేజరుకు ఒక ఆజ్ఞ వచ్చింది. ఇకపై లారీలు లైనులో పడిగాపులు పడకూడదట, ఒక్కో లారీకి ఒక్కో వేళ ఇవ్వాలట. ఆ వేళకు గేటు దగ్గర కాగితాలతో సిద్ధంగా ఉంటే వెంటనే లోపలికి, లేకపోతే ఇక మరునాటికే. మా మేనేజరు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, మంచివాడు, కంగారు మనిషి. ఆ ఆజ్ఞ చదివినప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదు. "డాక్టరు అపాయింట్‌మెంటుకే మనవాళ్ళు గంట ఆలస్యంగా వెళ్తారు. లారీ డ్రైవర్లకు అపాయింట్‌మెంటేమిటమ్మా" అని నా దగ్గర మొరపెట్టుకునేవాడు. దానికి తోడు మొదటి రోజున చూడడానికి బొంబాయి నుంచి ఒక పెద్ద ఆఫీసరే స్వయంగా వస్తున్నాడన్నారు. ఈ పద్ధతి పనిచేయకపోతే మేనేజరును ఎక్కడో మారుమూలకు పంపేస్తారని లోపల అందరూ చెప్పుకునేవారు.

ఆ మొదటి రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. శివరాత్రి దాటి ఎండలు మొదలైన రోజులు. గేటు పక్కన నల్లబల్ల మీద నేనే సుద్దముక్కతో, లైనులో ఉన్న లారీలకు అరగంటకొకటి చొప్పున వేళలు రాశాను. మొదటిది సర్దార్ చాచాది. ఆఖరుది సేలం నుంచి వచ్చిన ఒక తమిళ డ్రైవరుది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, నేను అన్నా అనేదాన్ని. అతని భార్యకు ఆడపిల్ల పుట్టిందని అంతకు ముందు వారమే టెలిఫోను బూత్‌లో తెలిసి లైనంతటికీ చాక్లెట్లు పంచాడు. బిడ్డ ముఖం ఇంకా చూడలేదు. ఆ రోజు లోడు దిగితే ఖాళీ బండితో తిన్నగా ఇంటికే. తన వేళ బల్ల మీద చూసుకుని, ఎవరో పెళ్ళి ముహూర్తం పెట్టినంత మురిసిపోయాడు.

పొద్దున తొమ్మిది దాటేసరికి ఉత్తరం వైపు మబ్బు లేచింది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి గాలి ఆగిపోయి, వెలుతురు పసుపు రంగుకు తిరిగింది. అప్పుడు వచ్చింది అవ్వ. ఎప్పటిలా తిడుతూ రాలేదు. నా కిటికీ దగ్గర నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని మబ్బు వైపు చూసింది. ఆమె అలా నోరు మెదపకుండా నిలబడడం చూసి నాకు భయం వేసింది. ఏమైందని అడిగాను.

"పండంత పందిరి మీదనే ఉన్నది బిడ్డ. రేపు కోద్దామనుకున్న. కూలోళ్ళంత పక్కూరి జాతరకు పోయిండ్రు. లారీ పంపుత అన్న షావుకారు పత్త లేడు, వాన్ని దేవులాడుకుంట నా కొడుకు పట్నం పోయిండు. గా మబ్బు జూస్తె రాళ్ళవాన తీర్గున్నది. ఇగ నేను, నా కోడలు, ఇంకో ఇద్దరమే ఉన్నం." నా బల్ల మీది మైకు వైపు చూపించింది. "గా మైకుల ఒక్క మాట జెప్తవా? ఎవలన్న సాయం వస్తరేమో."

మీకూ తెలుసు, ద్రాక్ష మీద వడగళ్ళు పడితే ఏడాది కష్టం ఒక్క గంటలో నేలపాలు. కాని ఆ మైకు కంపెనీది, పైగా అది ఆఫీసరు వస్తున్న రోజు. డ్రైవర్లు తోటలోకి వెళ్ళి, పిలిచినప్పుడు రాకపోతే వాళ్ళ వేళ పోతుంది, మేనేజరు పరువు పోతుంది, నా ఉద్యోగం పోతుంది. అదంతా ఆలోచించానని గొప్పగా చెప్పుకోను. అవ్వ ముఖం చూశాను, మైకు మీట నొక్కాను. పక్క తోటలో అవ్వకు సాయం కావాలి, వాన వచ్చేలోగా పండు కోయాలి, మీలో ఎవరి వేళ వచ్చినా కాస్త ముందుగా నేనే పిలుస్తాను, ఆ పూచీ నాది అని హిందీలో చెప్పాను. లైనులో తలలన్నీ నా కిటికీ వైపు తిరిగాయి. అంతలో సర్దార్ చాచా చేతిలోని పేక ముక్కలు బోర్లించి లేచాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని గోడ దూకాడు. ఆయన వెనక ఒకరి తర్వాత ఒకరు, డ్రైవర్లూ క్లీనర్లూ, గోడకు అవతల పడ్డారు. కాసేపట్లో లైనులో లారీలు మాత్రమే మిగిలాయి.

సరిగ్గా అప్పుడే మేనేజరు బయటికి వచ్చాడు.

"డ్రైవర్లు ఏరమ్మా?"

"అంగూర్ తోటల ఉన్నరు సార్."

"తోటలోనా? ఇవాళా? పెద్దాయన కారు బాలానగర్ దాటిందని ఇప్పుడే ఫోనొచ్చింది."

"పిలిస్తే వస్తరు సార్. నేను పిలుస్త."

"రాకపోతే?"

"రాకపోతే రేపటి నుంచి నేను రాను సార్."

ఆయన నా వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు, ఖాళీ లైను వైపు చూశాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకుని, ఇక చేసేదేముందన్నట్టు లోపలికి వెళ్ళి హమాలీలను వరసగా నిలబెట్టాడు. నేను మా గోడౌన్ వాచ్‌మన్ తాత సాయంతో స్తంభానికి కట్టిన మైకు గొట్టాన్ని రోడ్డు వైపు నుంచి తోట వైపు తిప్పించాను.

ఆఫీసరు కారు దిగాడు. తెల్లజుట్టు, నవ్వు ముఖం, నేను ఊహించుకున్నంత భయంకరంగా లేడు. నా గది పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుని నల్లబల్ల చదివాడు, గడియారం చూశాడు. గేటు దగ్గర ఒక్క మనిషి లేడు. మేనేజరు ముఖం పాలిపోయింది. నేను మైకు అందుకుని చాచా బండి నంబరు చదివాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఒక్కసారి చదివి ఆపేశాను, రెండోసారి చదివితే నమ్మకం లేనట్టవుతుందని. కాసేపటికి గోడ మీద ఒక చెయ్యి, ఆ తర్వాత ఒక తలపాగా కనిపించాయి. చాచా దిగి, ప్యాంటు దులుపుకుని, చొక్కా జేబులోంచి కాగితాలు తీసి నా కిటికీలో పెట్టాడు. ఆయన తలపాగాలో ఒక పచ్చటి ద్రాక్షాకు దిగబడి ఉంది. ఆఫీసరు ఆ ఆకునూ చూశాడు, గడియారాన్నీ చూశాడు. గేటు తెరుచుకుంది.

అక్కడి నుంచి అది ఒక పండగలా సాగింది. నేను పిలవడం, గోడ మీద ఒక తల లేవడం, మనిషి పరుగెత్తుకు రావడం, లారీ లోపలికి వెళ్ళడం. ఒకాయన చేతులు జిగట జిగటగా ఉన్నాయని కాగితాలు పళ్ళతో పట్టుకుని వచ్చాడు. ఇంకొకాయన భుజాన ఉన్న తట్టను దించడం మరిచిపోయి దానితోనే గేటు దాకా వచ్చి, నాలుక కరుచుకుని వెనక్కి పరుగెత్తాడు. గోడ అవతలి నుంచి అవ్వ గొంతు ఆగకుండా వినిపిస్తోంది. "గుత్తి పట్టి గుంజకుర్రి, తొడిమ పట్టి కత్తిరించుర్రి" అని ఆమె తెలుగులో చెప్పేది. పంజాబీవాడు దాన్ని హిందీలో మరాఠీవాడికి చెప్పేవాడు, అతను ఇంకొకరికి చేతులతో చూపించేవాడు, అందరూ నవ్వేవారు. లోపల లోడు దించిన డ్రైవరు బండిని బయట నిలిపి మళ్ళీ తోటలోకే దూకేవాడు. వాళ్ళు ఎందుకు ఆలస్యం చేస్తారు చెప్పండి, అందరూ ఒక్కచోటే ఉన్నారు, అందరి చెవులూ నా మైకు మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం దాటాక ఒక్కసారిగా గాలి లేచింది. ఎక్కడో తీగ తెగిందేమో, కరెంటు పోయింది. మైకు చచ్చిపోయింది. పిలవాల్సిన వాళ్ళు ఇంకా ఉన్నారు. నేను గోడ దగ్గరికి వెళ్ళి అరిచాను గాని, ఆ గాలికీ పందిళ్ళ చప్పుడుకూ నా అరుపు నాకే వినిపించలేదు. అప్పుడు వాచ్‌మన్ తాతకు ఒక ఉపాయం తట్టింది. తరువాతి బండి క్యాబిన్‌లో క్లీనరు నిద్రపోతుంటే లేపి, హారన్ కొట్టమన్నాడు. ప్రతి బండికీ ఒక గొంతు ఉంటుందనీ, ఎంత సందడిలోనైనా బిడ్డ ఏడుపు తల్లికి తెలిసినట్టు తన బండి గొంతు డ్రైవరుకు తెలుస్తుందనీ నాకు ఆ రోజే తెలిసింది. హారన్ మోగీ మోగకముందే ఆ బండి డ్రైవరు గోడ మీద కనిపించాడు. ఆ తరువాతి బండీ అంతే. హారన్లంటే మండిపడే అవ్వ ఆ రోజు వాటిని విని, "ఎవనిదో కూస్తాంది, జల్ది పోరాదుర్రి" అని తానే తరమసాగిందట.

ఆఖరుకు తమిళన్న వేళ వచ్చింది. అతని బండిలో ఎవరూ లేరు, క్లీనరు కూడా తోటలోనే ఉన్నాడు. ఆఫీసరు గడియారం చూస్తున్నాడు. మేనేజరు నన్ను చూస్తున్నాడు. గేటును తాతకు అప్పగించి నేనే పరుగెత్తాను. అంతవరకూ వేల లారీలను పిలిచానే గాని ఒక్కసారీ లారీ ఎక్కి ఎరగను. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చక్రం మీద కాలు వేసి, ఎలాగో క్యాబిన్‌లో పడ్డాను. లోపల మల్లెపూల వాసన, కర్పూరం వాసన. అద్దానికి ఒక కొత్త గిలక్కాయ వేలాడుతోంది. దాన్ని చూడగానే నా కళ్ళు మసకబారాయి. కిటికీ బయట ఇత్తడి గొట్టం, దాని చివర రబ్బరు బుడ్డీ, పాతకాలపు హారన్ అది. రెండు చేతులతో పట్టుకుని పిసికాను. దూడ అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. ఇంకోసారి, ఇంకోసారి, చేతులు నొప్పి పుట్టేదాకా పిసికాను. గోడ మీద లుంగీ ఎగ్గట్టిన ఒక ఆకారం లేచింది. ఒక్క దూకు దూకి, కింద పడి, లేచి వచ్చేసరికి నేను క్యాబిన్ దిగి నా గదికి చేరాను. అతని ఎడమ చేతిలో నలగకుండా పట్టుకున్న ఒక ద్రాక్ష గుత్తి ఉంది. కాగితాలతోపాటు దాన్ని కూడా నా కిటికీలో పెట్టి, వేళ దాటిపోయిందా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు. దాటలేదన్నాను.

ఆఖరి లారీ లోపలికి వెళ్ళాక ఆఫీసరు లేచి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇన్ని ఊళ్ళలో చూశాననీ, మొదటి రోజే ఇలా జరగడం ఎక్కడా లేదనీ హిందీలో అని, ఈ ఆకుల సంగతేమిటని అడిగాడు. మేనేజరు ఏదో సర్దిచెప్పబోయాడు. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, మైకు కంపెనీదన్న సంగతితో సహా. ఆయన అంతా విన్నాడు. తర్వాత గోడ దాకా నడిచి అవతలికి తొంగి చూశాడు. అవ్వ ఎదురుగానే ఉంది. ఆయన ఎవరో ఆమెకేం తెలుసు.

"ఊకె జూస్కుంట నిలవడకపోతే గీ తట్ట అందుకోరాదు" అంది.

ఆమె మాట ఆయనకు అర్థం కాలేదు, చాచిన చేతులు అర్థమయ్యాయి. కోటు విప్పి మేనేజరు చేతికిచ్చి తట్ట అందుకున్నాడు. దాంతో మేనేజరు కూడా ఆ కోటును నా కుర్చీకి తగిలించి, చేతులు మడిచాడు. ఇక హమాలీలు ఊరుకుంటారా. మా గోడౌన్ మొత్తం ఆ గోడకు వరసకట్టి, తట్టలు చేతుల మీదుగా ఇటు దాటిస్తుంటే, చాచా తన ఖాళీ లారీని గోడకు ఆనించి నిలబెట్టాడు. మరునాడు పట్నంలో తిరుగు లోడు ఎత్తాలట, ఎలాగూ అటే పోతున్నాను, పండ్ల మార్కెట్టులో దించేస్తానన్నాడు. గడ్డి పరిచి, పేపర్లు వేసి, తట్టలు సర్ది, టార్పాలిన్ పట్టా బిగిస్తుండగా మొదటి చుక్కలు పడ్డాయి. ఆ వెంటనే రాళ్ళు. రేకుల మీద ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకుని, మళ్ళీ నవ్వుకుంటూ, అందరం గోడౌన్‌లోకి పరుగెత్తాం. సబ్బుల పెట్టెల మధ్య తడిసి నిలబడిన ఆ మనుషుల్లో ఎవరు ఆఫీసరో ఎవరు క్లీనరో పోల్చుకోవడం కష్టమైంది.

వాన తెరిపి ఇచ్చాక అవ్వ చాచా పక్కన క్యాబిన్‌లో ఎక్కి కూర్చుంది, పండు ఎటు పోతే నేనటే అంటూ. బండి కదలబోతుండగా ఎదురుగా షావుకారు లారీ వచ్చి ఆగింది. ఆ డ్రైవరు దిగి, పండు ఎక్కడ ఎత్తాలని అడిగాడు. అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి, "నీ టైముకు నువ్వచ్చినవ్ బిడ్డ, నా టైముకు నా అంగూర్ పోతాంది. వచ్చినోనివి మా కోడల్నడిగి ఇంత సల్ల తాగి పో" అంది. చాచా హారన్ కొట్టి బండి తీశాడు. ఆ హారన్‌కు అవ్వ చెవులు మూసుకోలేదు.

ఆ రోజు తర్వాత అపాయింట్‌మెంట్ల పద్ధతి నిలబడిపోయింది. మేనేజరుకు బదిలీకి బదులు ప్రమోషన్ వచ్చింది. నా కుర్చీకి మెత్త వేయించారు. తమిళన్న బిడ్డను చూసుకుని మళ్ళీ వచ్చినప్పుడు, నాకొక సేలం వెండి పట్టీల జత పంపింది వాళ్ళావిడ. వేళలివ్వడం మంచి పద్ధతే, ఆ మాట ఒప్పుకోవాలి. ఎండలో వానలో రోజుల తరబడి రోడ్డు పక్కన పడి ఉండడం ఎవరికి మాత్రం ఇష్టం. వేళలు వచ్చాక వాళ్ళు ఇళ్ళకు తొందరగా వెళ్ళారు, పిల్లల ముఖాలు చూసుకున్నారు. నేనూ సంతోషంగానే పిలిచాను.

అయితే నెలలు గడిచేకొద్దీ లైను కురచైపోయింది. బండి కింద స్టవ్వులు ఆరిపోయాయి. మొదట సాంబారు వాసన పోయింది, తర్వాత రొట్టెల వాసన. టీ కొట్టు బల్ల ఖాళీగా ఉండేది. రెండు వేల సంవత్సరం దాటాక డ్రైవర్ల చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, నా గదిలోకి కంప్యూటరు వచ్చింది. వేళలు బొంబాయి నుంచే నేరుగా వాళ్ళకు వెళ్ళిపోయేవి. మైకు విప్పేశారు. అవ్వ ఒకటి రెండుసార్లు గోడ మీదుగా తొంగి చూసి, "నీ లారీలు యాడికి పోయినయే, దుమ్ము గూడ లేస్తలేదు" అని అడిగింది. ఆ తర్వాత ఆమె లేదు. చుట్టుపక్కల పందిళ్ళు ఒక్కొక్కటే నేలకు దిగాయి, రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. ఇప్పుడు అక్కడ ఒకేలాంటి తెల్లటి ఇళ్ళు వరసగా ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ కాసిన పండు ఎంత తియ్యగా ఉండేదో ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

నేను పెళ్ళి చేసుకుని ఆ ఉద్యోగం మానడానికి కొంచెం ముందు, ఒకనాడు చాచా వచ్చాడు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. తన వేళకు వచ్చాడు, గేటు తెరుచుకుంది, లోపలికి వెళ్ళాడు. లోడు దించి, కాగితాలు పుచ్చుకుని, నాకోసం దిగుదామనుకునేలోపే వెనక బండి వేళైంది. ఆయనకూ వేరే ఊళ్ళో వేరే గేటు దగ్గర వేళ ఉంది. క్యాబిన్‌లోంచి చెయ్యి ఎత్తాడు. బాపు ఎలా ఉన్నాడని అడుగుతున్నట్టు పెదవులు కదిలాయి, ఇంజను చప్పుడులో వినిపించలేదు. బాగున్నాడన్నట్టు నేను తల ఊపాను. అంతే, లారీ రోడ్డెక్కింది.

ఆ రోజు ఎవరూ ఆలస్యం కాలేదు, ఎవరూ ఎవరికోసం ఎదురుచూడలేదు, అన్నీ సక్రమంగా జరిగాయి. ఇప్పుడు లోకమంతా అలాగే నడుస్తోంది, నడవాలి కూడా. కాని నా జీవితంలో నేను ప్రేమించిన మనుషులు చాలామంది, వాళ్ళకు వెంటనే వెళ్ళిపోవడానికి వీల్లేక, నా కిటికీ ముందు ఆగిపోయిన రోజుల్లోనే నావాళ్ళయ్యారు. ఇంత బాగా వేళలు పాటిస్తున్న ఈ కాలంలో, ఎవరైనా ఎవరికైనా అలా పరిచయమయ్యే తీరిక ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.